బీటు పుస్తకం మేకు

మా ముంగిటి గోడకు ఇంకా ఉన్నది ఆ మేకు.
రేకు డబ్బా పోయింది, డబ్బాల పుస్తకం పోయింది,
తుప్పు మాత్రం సున్నం మీద గీతలెక్క
కిందికి దిగుతాంది
వానకాలానికి జానెడు చొప్పున.

రాత్రి రెండింటికి సైకిల్ స్టాండు ఏసిన చప్పుడు.
గౌస్ సాబు దస్కతు పెట్టి, పెన్సిల్ చెవుల చెక్కుకొని
"పండుకోలేదా అక్కా" అనేటోడు.
తన లాఠీకి భయపడి దొంగలు రాలేదనుకునేటోడు కాదు.
"నాకేం పని ఈడ,
మీ గల్లి కన్ను మూస్తదా ఎన్నడన్న?"

నిజమే, మూయలేదు.
పదింటికి మిల్లు కూత కూస్తే సగం మంది పొయ్యేటోళ్లు,
సగం మంది నెత్తిల దూదితోని తిరిగొచ్చేటోళ్లు.
ఒంటిగంటకు అరుగు మీద ఎవలో ఒగలు
అన్నం తినుకుంట.
పసిపిల్ల ఏడిస్తే ఎవరి పిల్లనో చెప్పే చెవులు.
గొళ్లెంల పుల్ల దోపితే ఇల్లు భద్రం.

దొంగలు లేరని అబద్ధమెందుకు?
ఉన్నడు ఒగడు, చిలుక రాజలింగు.
రాగి చెంబు, ఆరేసిన పంచె, కోడి.
కోడి పోతే వాళ్లమ్మ దగ్గరికి పోయి కూసునేటోళ్లం.
ఆమె ఏడ్సుకుంట
ఆ కోడికూరే ముందర పెట్టేది.
అదే పంచాయితీ.

కూత ఆగిన రోజు ఎవలకూ యాదికి లేదు.
పది దాటినంక చెవులు ఎదురుచూసుడు మాత్రం యాదికున్నది.
సూరత్ పోయినోళ్లు, భీవండి పోయినోళ్లు.
అప్పుడచ్చినయి మా గల్లీకి తాళం కప్పలు,
లోపల ఏం లేని ఇండ్లకు.

అయ్య ముప్పై ఏండ్లు నూనె పోసిన మిషను నుంచి
కొడుకు రాగి తీగ ఒలుసుకొచ్చిండు,
కిలోల లెక్కన అమ్ముకున్నడు.
ఠాణాల కొడుకు పేరు రాసిండ్రు.
అయ్యకు రావలసిన జీతం
ఏ పుస్తకంల రాసిండ్రో అడిగినోడు లేడు.

ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. గేటు. గేటుకు బీహార్ పిల్లగాడు,
వానికి మా పేర్లు తెల్వయి, వాని పేరు మాకు తెల్వది.
మొన్న పొద్దుగూకంగ ఐదో అంతస్తు టీచరమ్మ మెడల
గొలుసు తెంపుకపోయిండ్రు, బండి మీద.
నాలుగు కెమెరాలు చూసినయి.
ఒక్కటన్న "ఓరి, నువ్వు ఫలానోని కొడుకువు గాదా" అనలేదు.
ఆమె అరుపు ఏసీలకు ఇనబడలే, నాకు ఇనబడ్డది.
పోయి నీళ్లిచ్చిన, పసుపు అద్దిన.
మూడేండ్ల సంది ఎదురెదురు మేము,
నా పేరు ఆనాడు అడిగింది.

నిన్న కొత్త కానిస్టేబుల్ వచ్చి ఫోను చూపెట్టిండు.
"అనుమానం మనిషి అవ్వా. రోజూ పదింటికి
గేటు ముంగట నుంచి పోతడట, చేతుల సంచి.
గ్రూపుల పెట్టిండ్రు. గుర్తువడుతవా?"
ఫొటో కింద డెబ్బై బొటనవేళ్లు.

అద్దాలు కొంగుతోని తుడుసుకొని చూసిన.
వంగిన నడుము. సంచిల టిఫిన్ డబ్బా.
వైండింగ్ ఖాతా ఆడెపు నర్సింగం.
మతి తప్పినకాడి నుంచి నైట్ డ్యూటీకి పోతాండు.
మిల్లు గేటు ఉండేకాడ ఇప్పుడు కొత్త గోడ,
దాన్ని అరచేతితోని తాకి తిరిగొస్తడు.
డబ్బాల అన్నం ఉత్తది కాదు, కోడలు నిజంగనే పెడతది.

"ఆయన్ను ఆపకు బిడ్డా" అన్న,
"పదింటికి ఈ గల్లీల నడిసేటోడు
ఇంక ఆయనొక్కడే.
పేరు రాసుకో. టోకెన్ నంబరు సుత చెప్త,
పదకొండు వందల నాలుగు."

పిల్లగాడు జేబులు తడుముకున్నడు.
ఫోను ఉన్నది, తాళం చెవులున్నయి,
కాయితం లేదు.